తూము దగ్గరే పూడిక: లెఫ్ట్ మెయిన్ బ్లాకుకు స్టెంటా, బైపాసా?

యాంజియోగ్రామ్ రిపోర్టు సాధారణంగా గుండెకు రక్తమిచ్చే ఎడమ నాళపు మొదలైన లెఫ్ట్ మెయిన్‌తోనే మొదలవుతుంది. చాలామందికి ఆ వరుసలో "నార్మల్" అన్న ఒక్క మాటే ఉంటుంది కాబట్టి ఎవరూ దాన్ని పట్టించుకోరు. అక్కడ "డిస్టల్ 70 శాతం" (నాళం చివర 70 శాతం పూడిక) అని కనిపిస్తే మాత్రం యాంజియో చేసే గదైన క్యాత్‌ల్యాబ్‌లో అందరి తీరూ మారిపోతుంది. గొట్టం మొన నాళం మూతిలో కూర్చోగానే తెర మీద ప్రెషర్ గీత కుంగుతుంది. డాక్టరు రెండు మూడు బొమ్మలతో సరిపెట్టి గొట్టాన్ని వెనక్కి లాగేస్తారు. బయట కుర్చీల్లో ఉన్న కొడుకునో అల్లుడినో లోపలికి పిలిచి, మానిటర్ మీద ఒక సన్నటి మెడలాంటి చోటు చూపించి, "నాన్నగారికి మెయిన్‌లోనే ఉందండీ, స్టెంట్ వేయమంటారా, బైపాస్‌కి వెళ్తారా?" అని అడుగుతారు. అడిగే మనిషికి రోజూ చూసే విషయం. వినే మనిషికి ఆ రెండు మాటల మధ్య తేడా కూడా అప్పుడే తెలుస్తోంది. స్టెంట్ అంటే నాళాన్ని లోపల నుంచి తెరిచి ఉంచే లోహపు జాలీ గొట్టం, బైపాస్ అంటే పూడికను తప్పించి రక్తానికి కొత్త దారి కలిపే ఆపరేషన్.

ఆ ప్రశ్నకు "బైపాసే మేలు" అనో, "ఇప్పుడు స్టెంట్లు బాగా వచ్చాయి" అనో ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండూ సగం నిజాలే. బ్లాకు ఆ నాళంలో సరిగ్గా ఎక్కడ ఉంది, కింద మిగతా నాళాలు ఎలా ఉన్నాయి, ఆ మనిషి ఇంకా ఎన్నేళ్లు బతకాలని చూస్తున్నాం అన్న మూడు సంగతులు తేలితే తప్ప జవాబు రాదు. శాతం అంకె ఒక్కటీ చూసి ఏదీ తేల్చలేం.

ముందు ఆ నాళం సంగతి. గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని మొదట్లోనే గుండెకు రక్తమిచ్చే రెండు నాళాలు పుడతాయి. కుడిది ఒకటి, ఎడమది ఒకటి. ఎడమదాని మొదలే లెఫ్ట్ మెయిన్. పొడవు సుమారు ఒక సెంటీమీటరు. కొందరిలో ఇంకా పొట్టిగా, కొందరిలో రెండు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. వెడల్పు నాలుగు, నాలుగున్నర మిల్లీమీటర్లు. ఆ కాస్త దూరం వెళ్లి రెండుగా చీలుతుంది. ముందువైపు దిగేది ఎల్‌ఏడీ, పక్కగా చుట్టి వెనక్కి వెళ్లేది సర్కమ్‌ఫ్లెక్స్. ఒంటికంతటికీ రక్తాన్ని తోసే ఎడమ గదికి వెళ్లే రక్తంలో సుమారు నాలుగింట మూడు వంతులు ఈ సెంటీమీటరు గుండానే పోవాలి. కుడి నాళం చిన్నగా పుట్టినవాళ్లలో దాదాపు మొత్తం ఇదే మోస్తుంది.

గోదావరి డెల్టాలో పెరిగినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. చివరి పంటబోదెలో పూడిక పడితే నాలుగు చేలు ఎండుతాయి. ధవళేశ్వరం దగ్గర తలతూములోనే పడితే కింద కాలువలు ఎంత శుభ్రంగా ఉన్నా డెల్టా మొత్తానికీ నీళ్లుండవు. లెఫ్ట్ మెయిన్ ఆ తలతూము. యాంజియో చేయించుకున్న వందమందిలో సుమారు నలుగురు నుంచి ఆరుగురికి ఇక్కడ చెప్పుకోదగ్గ బ్లాకు దొరుకుతుంది. వాళ్లలో ఎక్కువమందికి కింద మిగతా నాళాల్లోనూ పూడికలుంటాయి. వైద్యం విషయంలో వచ్చే చిక్కుల్లో సగం ఇక్కడే మొదలవుతాయి.

లక్షణాలు మిగతా గుండెజబ్బుల్లాంటివే. మెట్లెక్కితే ఛాతీ పట్టేయడం, భోజనం చేసి నాలుగడుగులు వేస్తే ఆయాసం, ఎడమ చెయ్యి లాగడం. చాలామంది గ్యాస్ అనుకుని నెలల తరబడి మాత్రలు మింగుతారు. నొప్పి ఉన్నప్పుడు తీసిన ఈసీజీలో చాలా లీడ్లలో (గుండెను వేర్వేరు కోణాల నుంచి చూసేవి) గీత కిందికి దిగి, ఏవీఆర్ అనే లీడ్‌లో మాత్రం పైకి లేస్తే లెఫ్ట్ మెయినో, మూడు నాళాల జబ్బో అయి ఉండొచ్చని అనుమానించాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ, ఎకో రెండూ బాగున్నాయని ధీమాగా ఉండటానికి లేదు.

ఇక కొలత. లెఫ్ట్ మెయిన్‌లో 50 శాతం దాటితే లెక్కలోకి తీసుకుంటారు, మిగతా నాళాలకు సాధారణంగా 70 శాతం గీత. అయితే యాంజియోలో కనిపించేది నాళం కాదు, నాళంలో పోసిన రంగునీళ్ల నీడ. పక్కన మంచిగా ఉన్న భాగంతో పోల్చి శాతం చెప్పడం పద్ధతి. లెఫ్ట్ మెయిన్ పొట్టిది. పై నుంచి కింది దాకా పూడిక ఒకే మందాన పరుచుకుంటే పోల్చుకోవడానికి మంచి భాగమే మిగలదు. అందుకే ఒకే సీడీని ముగ్గురు డాక్టర్లు చూసి 40 అని ఒకరు, 60 అని ఒకరు, "గట్టిగా చెప్పలేం" అని ఇంకొకరు అనడం వింతేమీ కాదు. వాళ్లలో ఎవరో మోసం చేస్తున్నారని కూడా కాదు.

ఇలాంటి అనుమానపు కేసుల్లో రెండు పరీక్షలు పనికొస్తాయి. ఒకటి ఐవస్. సన్నటి తీగ మీద చిన్న అల్ట్రాసౌండ్ కన్ను నాళంలోకి పంపి లోపలి వైశాల్యం కొలుస్తారు. స్పెయిన్‌లో జరిగిన అధ్యయనంలో 6 చదరపు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ ఖాళీ ఉన్నవాళ్లకు ఆపరేషన్, స్టెంట్ రెండూ వాయిదా వేసినా ఇబ్బంది రాలేదు. కొరియా డాక్టర్లు తమ రోగుల నాళాలను కొలిచి, అక్కడ 4.5 దగ్గరే గీత గీయాలన్నారు. ఒంటి పరిమాణాన్ని బట్టి నాళమూ ఉంటుంది కాబట్టి, యూరప్ కొలతను తెచ్చి మన చిన్నపాటి మనుషులకు అలాగే తొడిగితే అక్కర్లేని ఆపరేషన్లు జరిగే ప్రమాదముంది. రెండోది ఎఫ్ఎఫ్ఆర్. బ్లాకుకు ముందు, తర్వాత రక్తపు ఒత్తిడి కొలిచి నిష్పత్తి కడతారు. 0.80 లేదా అంతకంటే తక్కువ వస్తే ఆ బ్లాకు నిజంగా ప్రవాహాన్ని ఆపుతున్నట్టు. 40 నుంచి 60 శాతం మధ్య ఉన్న లెఫ్ట్ మెయిన్‌కు ఈ రెంటిలో ఏదీ చేయకుండా ఛాతీ కోయడమో స్టెంట్ దించడమో తొందరపాటే.

బ్లాకు నిజమేనని తేలాక ఇంట్లో తప్పకుండా ఒక ప్రశ్న వస్తుంది: "మందులతో నెట్టుకురాలేమా?" ఇందులో తప్పేమీ లేదు. 2019లో ఇస్కీమియా అనే పెద్ద అధ్యయనం వచ్చాక, నిలకడగా ఉన్న గుండెజబ్బులో మందులతో మొదలుపెట్టినా ప్రాణాపాయం పెరగదని పత్రికల్లో, వాట్సాప్‌లో బాగా తిరిగింది. అది నిజమే. కానీ ఆ అధ్యయనంలో చేర్చుకునే ముందు చాలామందికి సీటీ తీసి, లెఫ్ట్ మెయిన్‌లో 50 శాతం ఉన్నవాళ్లను ఏరి పక్కన పెట్టేశారు. తలతూము బాగున్నవాళ్ల మీద వచ్చిన ఫలితమది. లెఫ్ట్ మెయిన్ రోగి దాన్ని చూసి ధైర్యపడకూడదు.

మందులు ఒక్కటే ఎందుకు చాలవో చెప్పే ఆధారాలు పాతవి. 1970ల్లో అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనంలో లెఫ్ట్ మెయిన్ రోగులకు ఆపరేషన్ ఆయుష్షు పెంచుతుందని స్పష్టంగా తేలింది. తర్వాత క్యాస్ అనే రిజిస్ట్రీలో (రోగుల నమోదు పట్టీలో) ఇలాంటి 1,484 మందిని ఏళ్ల తరబడి గమనించారు. బైపాస్ చేయించుకున్నవాళ్లలో సగంమంది 13.3 ఏళ్లు దాటి బతికారు, మందుల మీదే ఉన్నవాళ్లలో సగంమంది 6.6 ఏళ్లు. అప్పటికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు లేవు కదా, ఇప్పుడు మందులు మెరుగయ్యాయి కదా అని వాదించవచ్చు. వాదనలో పస ఉంది. అయితే ఇప్పుడు మళ్లీ చీటీలు వేసి సగంమందిని ఉత్త మందుల మీద వదిలేసి చూసే ధైర్యం ఎవరికీ లేదు. కాబట్టి ఈ జబ్బులో ఆస్పిరిన్, స్టాటిన్, బీపీ షుగర్ మాత్రలు ఏ దారిలో వెళ్లినా తప్పనివి. అవి మాత్రమే చాలు అనేది వయసు మరీ మీదపడినవాళ్లకు, వేరే పెద్ద జబ్బుతో రోజులు లెక్కపెట్టుకుంటున్నవాళ్లకు చెప్పే మాట.

బైపాస్‌లో పూడికను ముట్టుకోరు. కాలువ పూడిందని దాన్ని తవ్వకుండా, పూడిక దాటాక కింద ఇంకో పిల్లకాలువ తెచ్చి కలిపినట్టు. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో అర్జెంటీనా సర్జన్ రెనె ఫవలోరో కాలి సిరతో ఈ పద్ధతిని గాడిలో పెట్టారు. మన దేశంలో 1975లో చెన్నైలో డాక్టర్ కె.ఎం. చెరియన్ తొలి బైపాస్ చేశారు. ఈ ఆపరేషన్‌లో అసలు రత్నం మాత్రం కాలి సిర కాదు, రొమ్ము ఎముక వెనక కిందికి దిగే లిమా అనే ధమని. దాని పై మొదలు అలాగే ఉంచి, కింది కొసను ఎల్‌ఏడీకి కుడతారు. పదేళ్ల తర్వాత చూసినా పదింట తొమ్మిది లిమాలు తెరిచే ఉంటాయి. కాలి సిరలు అలా కాదు, అదే పదేళ్లకు వాటిలో దాదాపు సగం మూసుకుపోవడమో పాడవడమో జరుగుతుంది. "బైపాస్ పదేళ్లే పనిచేస్తుందట" అని ఊళ్లో వినిపించే మాట సిరల గురించి నిజం, లిమా గురించి తప్పు. డిశ్చార్జి కాగితంలో "లిమా టు ఎల్‌ఏడీ" అని ఉందో లేదో చూసుకోవడం ఎవరైనా చేయగల పని.

దాని ధర కూడా చిన్నదేమీ కాదు. ఛాతీ ఎముకను నిలువునా కోసి తెరవాలి, చివర ఉక్కుతీగతో కుట్టాలి. ఐసీయూలో రెండు మూడు రోజులు, మొత్తం వారం పది రోజులు ఆసుపత్రి. ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. అప్పటిదాకా బరువు ఎత్తకూడదు, స్కూటర్ నడపకూడదు, ఒక పక్కకు తిరిగి పడుకోవడమూ కష్టమే. కాలి కోత దగ్గర తిమ్మిరి నెలల పాటు ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లకు పుండు మానడం ఆలస్యం. ఆపరేషన్ సమయంలో పక్షవాతం వచ్చే ముప్పు కొద్దిగానే అయినా ఉంది. మనిషి గట్టిగా ఉండి, గుండె పంపింగ్ బాగుంటే ప్రాణాపాయం వందకు ఒకటి రెండు. కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లలో ఆ అంకె పెరుగుతుంది.

స్టెంట్ కథ ఇంకో దారి. 1977 సెప్టెంబరులో జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ మొదటిసారి బెలూన్‌తో గుండె నాళం తెరిచారు. ఆ తొలి రోజుల్లోనే లెఫ్ట్ మెయిన్‌లోనూ ప్రయత్నించారు, ఫలితాలు నిరుత్సాహపరిచాయి. బెలూన్ ఉబ్బించినంతసేపూ తలతూము మూసినట్టే. తీశాక నాళం గోడ కుంగిపోయి మళ్లీ మూసుకుంటే రోగి బల్ల మీదే పోతాడు. ఆ తర్వాత పాతికేళ్ల పాటు లెఫ్ట్ మెయిన్ అంటే సర్జన్ల సొత్తు. 2000ల మొదట్లో మందు పూసిన స్టెంట్లు వచ్చి, మళ్లీ పూడటం బాగా తగ్గాకే ఈ గీత చెరగడం మొదలైంది.

బ్లాకు ఎక్కడుందన్న ప్రశ్న ఇక్కడే ముఖ్యమవుతుంది. లెఫ్ట్ మెయిన్ మొదట్లోనో, నడిమిలోనో పూడిక ఉంటే ఒక్క స్టెంట్‌తో పని అయిపోతుంది, ఫలితాలూ బాగుంటాయి. కానీ ఎక్కువమందిలో పూడిక చివర, సరిగ్గా రెండుగా చీలే చోట ఉంటుంది. గుమ్మం దగ్గర మట్టి పడితే రెండు గదుల్లోకీ దారి తగ్గినట్టు. అక్కడ స్టెంట్ వేయడమంటే కొలతలతో కుస్తీ. ఎల్‌ఏడీ మూడు, మూడున్నర మిల్లీమీటర్లే, పైన లెఫ్ట్ మెయిన్ నాలుగున్నర. ఎల్‌ఏడీకి సరిపోయే స్టెంట్‌ను లెఫ్ట్ మెయిన్ దాకా పరిస్తే పైన వదులవుతుంది, గోడకు అంటదు. అందుకని పై భాగాన్ని ఇంకో పెద్ద బెలూన్‌తో మళ్లీ తెరిచి గోడకు అదమాలి. ఈలోపు పక్కకు పోయే సర్కమ్‌ఫ్లెక్స్ మూతికి స్టెంట్ తీగలు అడ్డుపడతాయి. వాటి మధ్య నుంచి వైరు దూర్చి, అటూ ఇటూ రెండు బెలూన్లను ఒకేసారి ఉబ్బించాలి.

సర్కమ్‌ఫ్లెక్స్‌లో కూడా స్టెంట్ వేయాలా, ఒక్క స్టెంట్‌తో ఆపాలా అన్నదాని మీదే పెద్ద చర్చ నడుస్తోంది. చైనా నేతృత్వంలో 482 మందితో జరిగిన డీకే క్రష్-5 అధ్యయనంలో ప్రణాళికతో రెండు స్టెంట్లు వేసినవాళ్లలో ఏడాదికి విఫలమైనవి 5 శాతం, ఒక స్టెంట్‌తో మొదలుపెట్టినవాళ్లలో 10.7 శాతం. యూరప్‌లో 467 మందితో జరిగిన ఈబీసీ మెయిన్‌లో గాలి ఇంకోవైపు తిరిగింది. ఒక స్టెంట్‌తో మొదలుపెట్టి అవసరమైతేనే రెండోది వేస్తే 14.7 శాతం, ముందే రెండు వేస్తే 17.7 శాతం, అంటే పెద్ద తేడా లేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, పద్ధతి పేరు కంటే ఆ పద్ధతి చేతికి ఎంత అలవాటైందనేదే ఎక్కువ పనిచేస్తోందనిపిస్తుంది. చైనా అధ్యయనంలో చేసినవాళ్లు ఆ క్రష్ అనే రెండు స్టెంట్ల విధానంలో చెయ్యి తిరిగినవాళ్లు. వారానికి రెండు లెఫ్ట్ మెయిన్లు చేసే చేతికీ, ఏడాదికి రెండు చేసే చేతికీ తేడా ఉంటుందని చెప్పడానికి అధ్యయనం కూడా అక్కర్లేదు.

ఇప్పుడు అసలు పోటీ: స్టెంటా, బైపాసా. 2016 అక్టోబరు చివర్లో రెండు పెద్ద అధ్యయనాల ఫలితాలు ఒకేసారి వచ్చాయి. ఎక్సెల్‌లో 1,905 మంది, నోబుల్‌లో సుమారు 1,200 మంది. జబ్బు ఒకటే, ప్రశ్న ఒకటే. జవాబులు వేరు. ఎక్సెల్ మూడేళ్లకు స్టెంట్‌కు 15.4, బైపాస్‌కు 14.7 శాతాలు చూపించి, స్టెంట్ బైపాస్ కంటే తక్కువేమీ కాదంది. నోబుల్ బైపాసే మేలంది. దాని ఐదేళ్ల లెక్క స్టెంట్‌కు 28 శాతం, బైపాస్‌కు 19 శాతం.

ఎందుకిలా? చాలావరకు కిటుకు దేన్ని లెక్కపెట్టారన్నదాంట్లో ఉంది. ఎక్సెల్ చావు, పక్షవాతం, గుండెపోటు ఈ మూడింటినీ కలిపి లెక్క కట్టింది, మళ్లీ స్టెంట్ వేయాల్సి రావడాన్ని అసలు లెక్కలో చేర్చలేదు. నోబుల్ దాన్ని చేర్చింది. స్టెంట్ బలహీనత సరిగ్గా అక్కడే. ఇక గుండెపోటు. ఆపరేషన్ చేస్తున్నప్పుడు గుండె కండరం కొంత నలుగుతుంది, రక్తంలో ఎంజైములు పెరుగుతాయి. ఏ స్థాయి దాటితే దాన్ని గుండెపోటు అనాలన్నది మనుషులు పెట్టుకునే గీత. ఎక్సెల్ తన గీతతో ఆపరేషన్ రోజుల్లో వచ్చిన వాటిని లెక్కపెట్టింది, దాంతో బైపాస్ ఖాతాలో మొదటి నెలలోనే కొన్ని పడ్డాయి. నోబుల్ వాటిని పూర్తిగా వదిలేసి, తర్వాత వచ్చిన గుండెపోట్లనే చూసింది. ఎవరి లెక్క తప్పు అంటే రెండూ తప్పు కాదు. అయితే రోగి వైపు నుంచి చూస్తే ఆసుపత్రి బల్ల మీద పెరిగిన ఎంజైము అంకె కంటే, మూడేళ్ల తర్వాత అర్ధరాత్రి ఇంట్లో వచ్చే గుండెపోటు చాలా పెద్ద సంగతి. ఆ లెక్కన నోబుల్ కొలతే రోగి అనుభవానికి దగ్గర.

2019లో ఎక్సెల్ ఐదేళ్ల ఫలితం వచ్చినప్పుడు గొడవ ముదిరింది. మొత్తం కలిపిన లెక్కలో తేడా పెద్దగా లేదన్నారు, స్టెంట్‌కు 22.0 శాతం, బైపాస్‌కు 19.2. కానీ చావుల వరుసలో స్టెంట్ వైపు 13.0 శాతం, బైపాస్ వైపు 9.9 శాతం. అధ్యయనంలో సర్జన్ల కమిటీకి నాయకుడైన ఆక్స్‌ఫర్డ్ సర్జన్ డేవిడ్ టగర్ట్ ఆ నిర్ధారణ తనకు సమ్మతం కాదంటూ పేరు వెనక్కి తీసుకున్నారు. ఆ డిసెంబరులో బీబీసీ దీన్ని టీవీకెక్కించింది. వేరే నిర్వచనం ప్రకారం లెక్కేసిన గుండెపోట్ల వివరాలు బయటపెట్టలేదన్నది ఆరోపణ. అధ్యయనం చేసినవాళ్లు దాన్ని తోసిపుచ్చారు, తర్వాత ఆ వివరాలూ ప్రచురించారు. ఈలోపు యూరప్ సర్జన్ల సంఘం, తాము కార్డియాలజిస్టులతో కలిసి రాసిన మార్గదర్శకాల్లో లెఫ్ట్ మెయిన్ భాగానికి మద్దతు ఉపసంహరించుకుంది. డాక్టర్ల మధ్య ఇంత బాహాటమైన తగువు అరుదు. స్టెంట్ వేసేది ఒక శాఖ, ఆపరేషన్ చేసేది ఇంకో శాఖ. ఎవరి చేతిలో ఏ పనిముట్టు ఉంటే దాని మీదే వాళ్లకు నమ్మకం ఎక్కువ ఉంటుంది.

తగువు తీర్చడానికి 2021లో నాలుగు అధ్యయనాల్లోని 4,394 మంది వివరాలను ఒక్కొక్కరి లెక్కనా కలిపి వైద్య పత్రిక లాన్సెట్‌లో ప్రచురించారు. సింటాక్స్, ప్రీకంబాట్, నోబుల్, ఎక్సెల్ ఆ నాలుగు. ఇంట్లో కూర్చుని ఆలోచించడానికి ఇదే పనికొచ్చే లెక్క. స్టెంట్ వేయించుకున్న వందమంది, బైపాస్ చేయించుకున్న వందమంది, ఐదేళ్లు గడిచాయనుకోండి. స్టెంట్ వైపు సుమారు 11 మంది చనిపోతారు, బైపాస్ వైపు 10 మంది. ఆపరేషన్ నాటివి కాకుండా తర్వాత వచ్చే గుండెపోట్లు స్టెంట్ వైపు ఆరు, బైపాస్ వైపు మూడు లోపే. మళ్లీ ఏదో ఒక ప్రొసీజర్‌కు రావాల్సినవాళ్లు స్టెంట్ వైపు 18 మంది, బైపాస్ వైపు 11 మంది. పక్షవాతం ఐదేళ్ల మొత్తంలో రెండువైపులా మూడు చొప్పున, కాకపోతే మొదటి ఏడాదిలో బైపాస్ వైపు ఎక్కువ. చావులో ఉన్న ఆ ఒక్క తేడా నిజమా, యాదృచ్ఛికమా అన్నది ఇప్పటికీ గట్టిగా తేలలేదు. బైపాస్‌కే కాస్త మొగ్గుందని, ఉన్నా అది ఏడాదికి వెయ్యిమందిలో ఇద్దరి కంటే తక్కువే కావచ్చని ఆ విశ్లేషకుల అంచనా.

తర్వాతి గుండెపోట్లు బైపాస్‌లో ఎందుకు తక్కువో కాలువ లెక్కలోనే ఉంది. స్టెంట్ పూడిక ఉన్న చోటును మాత్రమే బాగుచేస్తుంది. రెండేళ్ల తర్వాత దానికి నాలుగు సెంటీమీటర్ల కింద కొత్త పూడిక పగిలితే స్టెంట్ ఏమీ చేయలేదు. లిమా ఇంకా కిందికి వచ్చి కలుస్తుంది కాబట్టి, పైన ఎన్ని కొత్త పూడికలు వచ్చినా చివరి చేలకు నీళ్లందుతాయి. జబ్బు ఎంత చెల్లాచెదురుగా ఉంటే ఈ లాభం అంత పెద్దది. మనవాళ్లలో షుగర్ ఎక్కువ, షుగర్ నాళాలను అక్కడక్కడా కాకుండా బారుగా పాడుచేస్తుంది. లెఫ్ట్ మెయిన్‌తో పాటు మూడు నాళాల్లో పూడికలున్న 58 ఏళ్ల షుగర్ మనిషికి, మిగతా ఒళ్లు బాగుంటే, బైపాసే సరైన దారి. ఛాతీ కోత భయంతో నాలుగైదు స్టెంట్లు పేర్చుకోవడం ఆ భయాన్ని కొన్నేళ్లు వాయిదా వేసుకోవడమే.

జబ్బు ఎంత చెల్లాచెదురుగా ఉందో అంకెలో చెప్పేదే సింటాక్స్ స్కోరు. 22 లోపు తేలిక, 23 నుంచి 32 మధ్యస్థం, 33, ఆపైన అయితే కష్టం. 2024 యూరప్ మార్గదర్శకాల సారం ఇదీ: ఆపరేషన్ తట్టుకోగలిగినవాళ్లకు బైపాస్ మొదటి ఎంపిక, స్కోరు 22 లోపు ఉండి, స్టెంట్‌తోనూ బైపాస్‌తో సమానంగా అన్ని నాళాలూ తెరవగలిగితే స్టెంట్ సరైన ప్రత్యామ్నాయం, మధ్యస్థంలో కూడా ఆలోచించవచ్చు, అంత గట్టిగా కాదు. చెప్పుకోవాల్సింది ఇంకొకటి. ఆ నాలుగు అధ్యయనాల్లో చేరినవాళ్ల సగటు వయసు సుమారు 66, నాలుగింట మూడు వంతులు మగవాళ్లు, ఎక్కువగా యూరప్, అమెరికా, కొరియా మనుషులు. అందరూ రెండింటికీ పనికొచ్చేవాళ్లే. 82 ఏళ్ల, కిడ్నీలు సగం పోయిన మామ్మగారి గురించి ఆ అంకెలు పెద్దగా ఏమీ చెప్పవు. ఆవిడకు లెఫ్ట్ మెయిన్ మొదట్లో ఒక్క చోట బ్లాకుంటే, నెలల తరబడి కోలుకునే ఆపరేషన్ కంటే ఒక్క స్టెంట్ పెట్టి మూడో రోజు ఇంటికి పంపడమే మర్యాద.

ఇక నాళం ఒక్కసారిగా పూర్తిగా మూసుకుని, బీపీ పడిపోయి, ఒళ్లు చల్లబడి వచ్చినవాళ్ల విషయంలో ఈ చర్చంతా ఉండదు. దొరికిన వేగంతో స్టెంట్ వేసి నాళం తెరవడమే. అలా వచ్చినవాళ్లలో ఎంతోమంది ఆసుపత్రి దాకా చేరరు.

స్టెంట్ ఎంచుకున్నవాళ్లు రెండు విషయాల్లో రాజీ పడకూడదు. మొదటిది ఐవస్. లెఫ్ట్ మెయిన్‌లో స్టెంట్ సరిగ్గా విచ్చుకుందా లేదా అన్నది యాంజియో నీడలో తెలియదు, లోపల నుంచి కొలిస్తేనే తెలుస్తుంది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూసిన స్టెంట్ ధరను రూ.29,600కు కట్టేసింది, తర్వాత దాన్ని సవరిస్తూ వచ్చింది. ఐవస్ క్యాథెటర్ అలా కాదు, దాని ఖర్చు వేరు. ప్యాకేజీలో అది ఉందో లేదో ముందే అడగాలి. లేదంటే డబ్బు ఆదా పేరుతో అసలైన పరీక్ష మానేస్తారు. రెండోది మాత్రలు. ఆస్పిరిన్‌తో పాటు రెండో రక్తం పలచబరిచే మాత్ర ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆపకూడదు. పన్ను పీకించుకోవడానికని, కంటి ఆపరేషన్‌కని, ఊరెళ్తూ స్ట్రిప్పు మర్చిపోయి మాత్రలు ఆపేసేవాళ్లు మన దగ్గర కోకొల్లలు. వేరే నాళంలో స్టెంట్‌లో గడ్డ కడితే గుండెపోటు వస్తుంది. లెఫ్ట్ మెయిన్‌లో కడితే అంబులెన్స్ వచ్చేదాకా మనిషి ఉండడం కష్టం. మాత్రలు క్రమంగా వేసుకుంటాడన్న నమ్మకం లేని మనిషికి ఈ ఒక్క కారణంతో బైపాస్ చెప్పినా తప్పు లేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఇంకో చిక్కుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం వల్ల, స్టెంటూ బైపాసూ రెండూ పేద కుటుంబాలకు అందుబాటులోకి వచ్చాయి. అది చిన్న మార్పు కాదు. కానీ యాంజియో చేసిన బల్ల మీదే స్టెంట్ కూడా వేసేయడం సౌకర్యంగా ఉండటంతో, సర్జన్‌ను అడిగే అవకాశమే లేకుండా నిర్ణయాలు జరిగిపోతుంటాయి. కార్డియాలజిస్టు, సర్జన్ కూర్చుని కలిసి తేల్చాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న నియమం. రోగికి నొప్పి తగ్గి, బీపీ నిలకడగా ఉంటే ఆ మాట్లాడుకోవడానికి ఒకటి రెండు రోజులు ఆగొచ్చు. ఆగే రోజులు ఆసుపత్రిలోనే ఆగడం మంచిది. లెఫ్ట్ మెయిన్ మనిషిని బస్సెక్కించి ఊరికి తీసుకెళ్లి, బంధువులందరినీ సంప్రదించి వచ్చే సోమవారం చూద్దామనుకోకూడదు.

రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు చాలామంది పట్టుకెళ్లేది టైపు కొట్టిన రిపోర్టు, లేదంటే మానిటర్‌కు ఫోన్ పెట్టి తీసిన ఒక ఫొటో. వాటితో ఏ సర్జనూ ఏమీ చెప్పలేరు. యాంజియో సీడీ, లేదా పెన్‌డ్రైవ్‌లో మొత్తం కదిలే బొమ్మలు కావాలి. దాంతో పాటు ఎకో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ. వెళ్లాక అడగాల్సినవి కూడా ఎక్కువేమీ లేవు: పూడిక మొదట్లోనా, చీలే చోటా? సింటాక్స్ స్కోరెంత? స్టెంట్ వేస్తే ఎన్ని నాళాలు తెరవకుండా మిగిలిపోతాయి? బైపాస్ అయితే లిమా వాడతారా? ఆపరేషన్ ముప్పు ఈ మనిషికి ఎంత? ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పే చోటు దొరికితే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. సీడీ అడిగితే ఇవ్వడానికి నసిగే చోటు ఉంటే, అక్కడ రోగిని ఉంచాలా వద్దా అన్నది కూడా ఆ రోజే తేల్చుకోవచ్చు.